మూడు రాత్రుల అంకెలు

పెదజాలరిపేట, విశాఖపట్నం
3-12-1996

ఒరే అల్లుడా అప్పలరాజూ,

ఇది మీ మేనమామ ఎల్లారావు తన సేత్తో రాస్తన్న ఉత్తరం. ఎవల సేతా రాయించనేదు. రాయిస్తే రాసినోడు సదువుతాడు, ఆడు సదివితే పేటంతా సదివినట్టే. అచ్చరాలు కోడి గీకినట్టున్నా నువ్వే కూడబలుక్కో. నాను సదివింది రెండో తరగతి. అది కూడా మాస్టారు ఊళ్ళో ఉన్నన్నాళ్ళే.

మొన్నటి తుఫాను మన ఒడ్డుకి రానేదు, కాకినాడ అవతల కొట్టింది. తెప్పలు బాగున్నాయి. మీ అమ్మ గంగాలమ్మ బాగున్నాది. నా తోడబుట్టింది కదా, నోరు కూడా బాగున్నాది. సేపల గంప దించగానే "నా కొడుకు ఉత్తరం వొచ్చిందా అన్నయ్యా" అని అడుగుతాది. రానిదానికి నన్ను తిడతాది.

అసలు సంగతికొస్తాను. యూనివర్సిటీలో సదివావు, తమిళం ఊరెల్లావు, కొండెక్కావు. రాత్రుళ్ళు మేలుకుని పగలు పడుకుంటన్నానని రాసావు. రాత్రి మేలుకునే పనులు నాకు తెలిసి రెండే. ఒకటి మాది. రెండోది కాయితం మీద రాయకూడదు. పక్కింటి జగ్గారావు నిన్న వల బాగుసేసుకుంటా అడిగాడు, "మీ మేనల్లుడు ఆడ వాచ్‌మేనేటి బావా?" అని. "సుక్కలు సూస్తాడు" అన్నాను. "సుక్కల్ని ఎవడెత్తుకుపోతాడని కాపలా?" అన్నాడు. నాకు జవాబు తోచకుండా సేసినోడివి నువ్వే.

మార్చికి ఉద్యోగం పెర్మినెంటు సేస్తారన్నావు. సంతకం ఎట్టారా, నోటితో అన్నారా?

అన్నట్టు ఈమద్దెన కోనాం సేపలు బాగా పడ్డాయి. ఎక్కడేసావు బావా అని అదే జగ్గారావు అడిగాడు. సెప్పాను. ఆడు మర్నాడు ఎల్లి ఒట్టి వలతో తిరిగొచ్చాడు. నాను నవ్వనేదు.

జవాబు రాయి. పూర్తిగా రాయి. సగం రాస్తే మిగతా సగం నానే అనుకుంటాను.

మీ మావ
ఎల్లారావు


కొండ మీద క్వార్టర్స్, తమిళనాడు
17-12-1996

మావయ్యకి,

అమ్మకి కూడా చదివి వినిపించు. నీకు నచ్చని ముక్కలు వదిలేసి చదువుతావని అమ్మ కిందటిసారి నాతో చెప్పింది.

నేను వాచ్‌మన్‌ని కాను. దూరదర్శినికి ఫిల్ము బిగించి ఆకాశాన్ని ఫొటో తీయడం, ఆ ఫిల్ముని పరీక్షించడం నా పని. నీకు మంచి వార్త చెప్పాలి. ఈ నెలంతా ఇక్కడ వానలే. మధ్యలో మూడు రాత్రులు మబ్బు విడిచింది. ఆకాశంలో ఒకే చోటుని కొంచెం సేపు తేడాతో రెండేసి ఫొటోలు తీశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటి మాత్రం పక్కకి జరిగింది. రెండో రాత్రి ఇంకా జరిగింది. మూడో రాత్రి ఇంకా.

అది నక్షత్రం కాదు మావయ్యా, రాయి. కుజుడికీ గురుడికీ మధ్య చాలా ఖాళీ ఉంది. అక్కడ వేల రాళ్ళు సూర్యుడి చుట్టూ తిరుగుతుంటాయి. గ్రహశకలాలంటారు. మహా అయితే మన యారాడ కొండంత ఉంటుందిది. కంటికి కనపడదు. తెలిసిన రాళ్ళ పట్టికలన్నీ వెతికాను. ఇది ఎందులోనూ లేదు. అంటే నాకంటే ముందు దీన్ని ఎవరూ పట్టుకోలేదు.

ఒక వింత చెప్తాను. అది వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తుంది. మరబోటు మీద పోతూ తెప్పని దాటేటప్పుడు, ఒడ్డున కొండలతో పోల్చి చూస్తే తెప్ప వెనక్కి పోతున్నట్టు ఉంటుంది చూడు, అలాగన్న మాట. భూమి లోపలి దారిలో గబగబా పోతోంది. రాయి బయటి దారిలో నెమ్మదిగా వస్తోంది.

"నీ పేరుతోనే పంపు" అన్నారు మా పెద్దసారు. లోకంలో ఎవరికి కొత్త రాయి కనిపించినా అమెరికాలో ఒక ఆఫీసుకి చెప్పాలి. వానలకి కొండ మీద టెలిఫోను లైను తెగిపోయింది. ఎప్పటికి బాగుచేస్తారో తెలీదు. అందుకని రాయి ఎక్కడుందో చెప్పే మూడు రాత్రుల అంకెలూ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. నాకు లెక్కలు నేర్పిన మోహనకృష్ణ మాస్టారు ఇప్పుడు మద్దిలపాలెం డిపో వెనక వీధిలో, మందుల షాపు మేడ మీద ఉంటున్నారట. ఇంటి నంబరు తెలీక నీకు పంపుతున్నాను. ఆయన చేతికివ్వు. కాలేజీ కంప్యూటర్లోంచి పంపేస్తారు. ఆ ఆఫీసు అందరికీ చాటితే, మబ్బు లేని చోట ఉన్నవాళ్ళు దాని వెంట పడతారు. ఇక్కడ మళ్ళీ మబ్బు కమ్మేసింది. మూడు రాత్రుల చూపు చాలదు. వెంటపడేవాళ్ళు లేకపోతే అది ఎటుపోయిందో ఎవరికీ తెలీకుండా పోతుంది.

ఇది నిలబడితే మార్చిలో నా ఉద్యోగం నిలబడినట్టే. ఆలస్యం చెయ్యకు.

నీ మేనల్లుడు
అప్పలరాజు


పెదజాలరిపేట
26-12-1996

అల్లుడా,

పని అయిపోయింది. ఎలా సెయ్యాలో అలా సేసాను.

మద్దిలపాలెం ఎల్లాను. డిపో ఎనక మందుల షాపులు మూడున్నాయి, మూడు మేడలూ ఎక్కాను. మూడో మేడ మీద దొరికాడు మీ మాస్టారు. ఇంటి నంబరు కవరు ఎనక రాసాను. కృష్ణాజిల్లా మనిసంట. ఇస్త్రీ సొక్కా, ఇంట్లో కూడా. మెత్తగా మాటాడతాడు. నాను కుర్సీలో కూర్సోకముందే "అప్పలరాజు ఎక్కడ సూసాడు? ఏ వైపు? అంకెలు తెచ్చారా?" అన్నాడు. కాసేపాగి మళ్ళా అడిగాడు. టీ కప్పు నా సేతికిస్తా మళ్ళా అడిగాడు. కలం అప్పటికే ఏళ్ళ మద్దెన ఉన్నాది. ఒక మనిసి మూడుసార్లు అడిగాడంటే ఆడి కడుపులో ఏటో ఉన్నట్టే కదా. నాను టీ ముట్టుకోనేదు.

నువ్వు బయపడకు. నువ్వు రాసిన కాయితం నా పెట్టెలో బద్రంగా ఉన్నాది. ముందురోజే నా సేత్తో వేరే కాయితం మీద ఎత్తి రాసి ఆయనకి అదిచ్చాను. మనోడి రాత బయటోడి సేతిలో ఎట్టకూడదు. ఆయన సూసి "ఇది మీ రాతా?" అన్నాడు. "నాదే, ఏం, బానేదా?" అన్నాను. మడిసి సొక్కా జేబులో ఎట్టుకున్నాడు.

ఒక్కటి అడుగుతాను. ఆ ఆఫీసు లోకమంతా సాటుతాదంటన్నావు. సాటాక నీకేటి మిగుల్తాదిరా? నీకు దొరికింది పదిమందికి దొరికితే అది నీదెలాగవుతాది? మీ పెద్దసారు "నీ పేరుతోనే పంపు" అన్నాడా! అంత మంచోడా? నాకు నమ్మకం నేదు. సంతకం సంగతి నువ్వు రాయనేదు, అది నాను మర్చిపోనేదు.

మీ అమ్మకి నీ ఉత్తరం పూర్తిగానే సదివాను. రాయిని పెళ్ళి సేసుకుని తెస్తావా అని అడగమన్నాది.

మీ మావ
ఎల్లారావు


కొండ మీద
29-1-1997

మావయ్యకి,

చాలా పెద్ద చిక్కు వచ్చి పడింది. మనసు బాగాలేదు. ఇది అమ్మకి చదవకు.

అమెరికా ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఆ మూడు రాత్రుల అంకెలూ ఒకే వస్తువువి కావన్నారు. ఒక రాత్రి ఇక్కడ, రెండో రాత్రి ఎక్కడో, మూడో రాత్రి ఇంకెక్కడో. సూర్యుడి చుట్టూ తిరిగే ఏ రాయీ అలా గెంతదు. మాస్టారు పంపిన అంకెలు వాళ్ళు తిరిగి మాకు పంపారు. పెద్దసారు వాటిని తీసుకొచ్చి నా ఫిల్ము పక్కన పెట్టారు. ఒక్కటీ కలవలేదు. ఫిల్ము మీద రాయి ఉంది. పంపిన అంకెల్లో లేదు.

ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. "చేతి పొరపాటయితే ఒక అంకె తప్పుతుంది. ఇక్కడ అన్నీ తప్పే. ఇది కావాలని చేసింది. అసలు చోటు ఎవరికోసం దాచావు?" అన్నారు. వేరే దేశంలో ఎవరితోనో బేరం పెట్టుకున్నానని ఆయన అనుమానం. మార్చిలో పర్మనెంటు మాట అటుంచి, అసలు ఉంచుతారో లేదో తెలీదు.

మాస్టారేనా ఇలా చేసింది? ఆయన నాకు ఎంతో చేశారు. కానీ నా అంకెలు నీ చేతిలోంచి ఆయన చేతికే వెళ్ళాయి. నువ్వు మూడుసార్లు అడిగాడని రాసిన మాట నాకు రోజూ గుర్తొస్తోంది. ఉండబట్టలేక ఆయనకి ఒక ఉత్తరం రాసేశాను. రాయకూడని మాటలు రాశాను.

నువ్వు కాగితం ఇచ్చినప్పుడు ఆయన ఏం చేశారో, ఎవరున్నారో, ఉన్నది ఉన్నట్టు రాయి.

అప్పలరాజు


పెదజాలరిపేట
6-2-1997

అల్లుడా,

నీ ఉత్తరం సదివి నవ్వొచ్చింది. మాస్టారు నీ రాయి ఎత్తుకుపోయాడని బయపడతన్నావా? ఎలా ఎత్తుకుపోతాడు? నాను ఆయనకిచ్చినవి అసలు అంకెలే కావు.

సదువుకి పోయి మన పని మర్చిపోయావు. సెప్తాను, ఇను. సముద్రం అడుగున రాతిబండ ఉన్నకాడ సేప నిలబడతాది. ఆ సోటు మళ్ళా దొరకాలంటే ఒడ్డుకేసి సూసి గుర్తెట్టుకుంటాం. ఈ కొండ మొన ఆ పొగగొట్టం మీదకి వొచ్చినట్టు, ఆ లైటుహవుసు ఈ గుట్ట పక్కకి తప్పుకున్నట్టు. ఆ గుర్తు ఎవడికీ సెప్పం. మా నాన్న నాకే మూడేళ్ళు తెప్ప లాగించుకుని అప్పుడు సెప్పాడు. మరి పక్కోడు అడిగితే? సెప్పనూ అనకూడదు, అంటే అక్కడ ఏటో ఉన్నాదని తెలిసిపోతాది. దొంగ గుర్తు సెప్పాల. నిజంలాగే ఉండాల, కొంచెం పక్కకి పోవాల. అడిగినోడు ఎల్లి ఒట్టి నీళ్ళలో వలేసుకుని వొస్తాడు. ఆడికీ తెలుసు, నాకూ తెలుసు. మర్నాడు ఇద్దరం ఒక అగ్గిపుల్లతో బీడీలు ముట్టించుకుంటాం. ఇందులో తప్పు నేదు, ఇది మర్యాద. జగ్గారావుకి నాను సెప్పింది అదే, నాకు ఆడు సెప్పేదీ అదే.

అందికే మాస్టారికి నీ అంకెలు మార్చి రాసిచ్చాను. మొదటి రాత్రిది ఏడు ఉన్నకాడల్లా ఒకటి ఏసాను. రెండో రాత్రిది ఎనకనించి ముందుకి రాసాను. మూడో రాత్రిది నాలుగులన్నీ తొమ్మిదులు సేసాను, అవి నీకంటే నాకే బాగా వొచ్చాయి. ఇప్పుడు నీ రాయి అమెరికావోడికీ తెల్దు, మాస్టారికీ తెల్దు. నీ దగ్గిర ఫిల్ము ఉన్నాది, నా పెట్టెలో కాయితం ఉన్నాది. ఇంక నీకు బయమేటి?

మీ పెద్దసారు తలుపేసుకుని అడిగాడంటే ఆయనకే ఆ రాయి కావాలేమో సూసుకో. "అసలు సోటు ఎక్కడ" అని అడిగేవోడు ఎవడైనా నాకు ఒకటే.

నీ మేనమామ అంత ఎర్రోడు కాదని ఇప్పటికైనా తెలిసిందా?

ఎల్లారావు


కొండ మీద
14-2-1997

మావయ్యా,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు మెస్సుకి కూడా వెళ్ళలేదు.

ఇక్కడ రాయి దాచినవాడిది కాదు, చెప్పినవాడిదే. ముందుగా నిజం చెప్పినవాడి పేరే దాని పక్కన రాస్తారు. నీ బండ దగ్గర చేపలు తరుగుతాయి, పదిమంది చూస్తే రాయి తరగదు. పదిమంది చూస్తేనే అది ఉన్నట్టు లెక్క. డిసెంబర్లో నిజం అంకెలు అందితే పెద్ద దూరదర్శినుల వాళ్ళు దాన్ని వెంటాడి దాని దారి లెక్కకట్టేవారు. ఇప్పుడది మనకి దూరమై మసకబారిపోయింది. మా ఫిల్ముకి అందదు. అందగలిగినవాళ్ళు, తప్పుడు అంకెలు పంపినవాడి మాట మళ్ళీ వింటారా?

పెద్దసారుకి ఏం చెప్పను? "మా మావయ్య సముద్రం మీద దొంగ గుర్తులు చెప్తాడండి, నా అంకెలకీ అదే చేశాడు" అంటే నమ్ముతారా? ఇంత వింత సాకు పుట్టించాడంటే అసలు నేరం ఇంకెంత పెద్దదో అనుకుంటారు. మాస్టారిని నేను దొంగ అన్నాను. కాగితం మీద, నా చేత్తో. అది ఎవరి వల్ల?

నీకు అందరూ జగ్గారావులే. నీకు ఉత్తరం రాసినందుకు నన్ను నేను అనుకోవాలి. ఇక నాకు రాయకు.

అప్పలరాజు


పెదజాలరిపేట
3-3-1997

అప్పలరాజూ,

రాయకు అన్నావు. రాస్తన్నాను. నీకంటే పెద్దోడిని.

నీ ఉత్తరం మీ అమ్మకి సదవనేదు. మీ అమ్మే నా సొక్కా జేబులోంచి తీసుకెల్లి పోస్టుమేన్ సేత సదివించుకున్నాది. ఆ రోజునించి నా ఇంటి గడప తొక్కటం నేదు. నిన్న ఈదిలో ఎదురైతే గంప ఈ సంకనించి ఆ సంకకి మార్చి, మొకం అటు తిప్పుకుని ఎల్లిపోయింది. పదిమంది సూసారు.

నాను తప్పు సేసానని నాకు ఇప్పటికీ అనిపించటం నేదు. సోటు అడిగితే దొంగ గుర్తు సెప్పడం మా తాతల కాలం నించి ఉన్నాది. కానీ దానివల్ల నా మేనల్లుడిని ఎవడో దొంగ అన్నాడు. అది మాత్రం నాను ఊరుకోను. దొంగ గుర్తు సెప్పింది నానైతే దొంగ పేరు నీకెలా వొస్తాది?

నీ అసలు కాయితం పట్టుకుని మళ్ళా మద్దిలపాలెం ఎల్లాను. మాస్టారు నీ ఉత్తరం బల్ల మీద నా ముందు ఎట్టాడు. సదివాను. బాగా తిట్టావు. ఆయన కోప్పడనేదు. "మీరిచ్చిన రోజే తొందరపడి పంపేసానండీ, ఆ తరవాత లెక్కకట్టి సూస్తే రాయి గెంతుతున్నాది, నా లెక్కే తప్పేమో అనుకున్నాను" అన్నాడు. అంటే నా మాట నమ్మి తన లెక్కని అనుమానించాడు. నాకు అది నచ్చనేదు. నన్ను అంత నమ్మమని ఎవలన్నారు?

"మీరే ఆ పెద్దసారుకి ఒక ముక్క రాయండి" అన్నాడు. ఎరగనోడికి నాను రాయను అన్నాను. ఇంటికొచ్చాక రాసాను. ఏటి రాసానో నీకు తెలియాల కాబట్టి ఇక్కడ ఎత్తి రాస్తన్నాను. ఈసారి మార్చకుండానే.

"పెద్దసారుకి. నాను ఎల్లారావు, పెదజాలరిపేట. మనకి పరిచయం నేదు కాబట్టి దండం ఎట్టటం నేదు. అప్పలరాజు రాసిన అంకెలు నిజం. మార్చింది నాను. మాస్టారికీ తెల్దు, అప్పలరాజుకీ తెల్దు. ఆడికి దొంగ గుర్తు సెప్పటం సిన్నప్పటినించీ రాదు, ఎవడడిగినా ఉన్నది సెప్పేసేవోడు, అందికే ఆడిని తెప్ప ఎక్కించటం మానేసి బడికి పంపేసాం. ఆడు రాసిన అసలు కాయితం ఇందులో ఎట్టాను, నీ ఫిల్ము పక్కన ఎట్టి సూసుకో. తప్పు సేసినోడిని తీసెయ్యాలంటే నన్ను తీసెయ్యి. ముందు నాకు నీ కింద పని ఇచ్చి, అప్పుడు తీసెయ్యి."

పోస్టాఫీసులో నానే అంటించి నానే డబ్బాలో ఏసాను. ఇంక నీ ఇష్టం.

ఎల్లారావు


కొండ మీద
20-4-1997

మావయ్యకి,

నా మీద కోపం తగ్గిందా? నాకు తగ్గింది.

పెద్దసారు నీ ఉత్తరం గురించి నెల రోజులు నాతో ఒక్క మాట అనలేదు. ఆయనకి తెలుగు రాదు. మెస్సులో వంట చేసే నెల్లూరాయన చేత చదివించుకున్నారని తరవాత తెలిసింది. వంటాయన గరిటె పట్టుకునే చదివాడట, నీ రాత కూడబలుక్కునేసరికి సాంబారు మాడిందట. మొన్న నన్ను పిలిచారు. ఈసారి తలుపు వెయ్యలేదు. నువ్వు పంపిన నా కాగితం, నా ఫిల్ము పక్కపక్కన పెట్టి ఉన్నాయి. అన్నీ కలిశాయి. "మీ మావయ్య ఎలాంటివాడు?" అన్నారు. "ఎవర్నీ నమ్మడండి" అన్నాను. "నేనూ నిన్ను నమ్మలేదు కదా" అన్నారు.

నమ్మినా ఉద్యోగం పర్మనెంటు చెయ్యలేదు. ఒక ఏడాది పొడిగించారు. అంకెలు దిద్ది పంపాం. అమెరికా ఆఫీసు తీసుకుంది కానీ, ఇది మళ్ళీ ఒకసారి కనిపిస్తే తప్ప లెక్కలోకి రాదంది.

మాస్టారికి క్షమించమని రాశాను. ఆయన ఆ ఊసే ఎత్తలేదు. ఆ మూడు రాత్రుల అంకెలతో రాయి దారి లెక్కకట్టి పంపారు. సూర్యుడికి మనమున్న దూరానికి రెండున్నర రెట్లు దాటిన దూరంలో, నాలుగేళ్ళ పైచిలుకులో ఒక చుట్టు తిరుగుతుంది. దారి మరీ గుండ్రం కాదు, కొంచెం కోలగా ఉంది. మన దారికి కాస్త వాలుగా కూడా ఉంది. భూమి ఏడాదికో చుట్టు తిరిగి దాన్ని మళ్ళీ దాటడానికి పదహారు నెలలు పడుతుంది. అంటే వచ్చే మార్చి, ఏప్రిల్లో మనకి దగ్గరగా వస్తుంది. ఎక్కడ అంటే మాత్రం, చెయ్యి చాపి పిడికిలి పట్టు, ఆ పిడికిలి కప్పేంత ఆకాశంలో ఎక్కడో. మూడు రాత్రుల చూపుతో అంతకంటే చెప్పలేం.

దొరికితే ఉంటాను. దొరక్కపోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవాలి.

అమ్మకి నేనే విడిగా రాశాను, నీతో మాట్లాడమని.

అప్పలరాజు


పెదజాలరిపేట
9-11-1997

అల్లుడా,

మీ అమ్మ మాటాడతన్నాది. మాటాడకుండా ఉన్నప్పుడే బాగున్నాది.

మీ మాస్టారి మీద కన్నేసి ఉంచాను. ఆదివారాలు మన ఒడ్డుకి వొస్తన్నాడు. ఇసకలో నిలబడి తెప్పలు రావటం సూస్తాడు. మొన్న నా దగ్గిరకొచ్చి, "ఎల్లారావు గారూ, సముద్రం మీద ఒక సోటుకి మళ్ళీ ఎలా ఎల్తారో నేర్చుకోవాలని ఉందండీ" అన్నాడు. నేర్చుకుని ఏటి సేసుకుంటాడు? ఆయనకి తెప్ప నేదు, వల నేదు, ఈత కూడా రాదంట. పనికిరాని సంగతి అడిగేవోడిని నాను ఇంకా అనుమానిస్తాను. ఈసారి దొంగ గుర్తు సెప్పనేదు. అసలేదీ సెప్పనేదు. "రేపు రండి" అన్నాను. ఆయన రేపు వొచ్చాడు. నాను ఆ పూట సింహాచలం ఎల్లిపోయాను.

ఒక్కటి తేల్చు. రాయి వొచ్చే ఏడు ఎక్కడుంటాదో మాస్టారు ఇప్పుడే లెక్కకట్టేసాడంటన్నావు. ఆ లెక్క ఆయన దగ్గిరే ఉన్నాది. నీకంటే ముందు ఇంకెవడికో సెప్పేస్తే? నాను ఆయన్ని దొంగ అనటం నేదు. అడుగుతన్నాను.

ఇంకొకటి. అది తిరిగొస్తాదని నీకు ఎవలు సెప్పారు? అది నీకు సెప్పిందా?

మీ మావ
ఎల్లారావు


కొండ మీద
2-4-1998

మావయ్యకి,

నీ అనుమానం నిజమే. మాస్టారు ఆ లెక్క ఇంకెవరికో చెప్పేశారు. జపాన్లో ఒకాయనకి, యూరప్‌లో ఇద్దరికి. నేనే చెప్పమన్నాను. వాళ్ళెవరికీ రాయి దొరకలేదు.

నెల రోజులుగా ఆ పిడికిలంత ఆకాశాన్ని ముక్కలు చేసి వెతుకుతున్నాను. లెక్క చెప్పిన చోట లేదు. దాని పక్కన లేదు. పెద్దసారు రోజూ పొద్దున్న వచ్చి నా ముఖం చూసి ఏమీ అడక్కుండా వెళ్ళిపోయేవారు. పిడికిలి అంచున, ఇంక వదిలేద్దామనుకున్న ఫిల్ము మీద, ఒక మసక చుక్క జరిగింది. మర్నాడూ జరిగింది. దాని నడక మన రాయి నడకలాగే ఉంది. కానీ ఆ దారుల్లో వేల రాళ్ళున్నాయి, నడక ఒకటైనంత మాత్రాన అదే అనలేం. అప్పటి మూడు రాత్రులూ, ఇప్పటి రెండు రాత్రులూ ఒకే దారి మీద కూర్చోవాలి. కూర్చుంటే ఇది అదే. కూర్చోకపోతే ఇది వేరే రాయి, నాది పోయినట్టే. నా గడువు ఈ నెలాఖరుతో అయిపోతుంది.

ఆ లెక్క మాస్టారు కట్టాలి. కలిస్తే ఆయనే ఆఫీసుకి పంపుతారు. ఇప్పుడు ఇక్కడ లైను బాగానే ఉంది, మాస్టారింటికి ఫోను కూడా వచ్చింది. అయినా అంకెలు ఇందులోనే పెట్టి నీకు పంపుతున్నాను. నాలుగు రోజుల్లో రాయి ఎక్కడికీ పోదు. పెద్దసారుకి చెప్తే "పిచ్చా నీకు?" అన్నారు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "సరే" అన్నారు.

నువ్వే పట్టుకెళ్ళు.

నీ మేనల్లుడు
అప్పలరాజు


పెదజాలరిపేట
9-4-1998

అల్లుడా,

నీ కవరు వొచ్చిన పూట అంకెల కాయితం విప్పి సాప మీద ఎట్టుకుని కూర్సున్నాను. మీ అమ్మ వొచ్చి నా సేతిలో కలం ఉన్నాదేమో అని సూసింది. రెండు సేతులూ సాపి సూపించాను. అప్పుడు ఎల్లింది.

మద్దిలపాలెం ఎల్లాను. మాస్టారి బల్ల మీద ఇప్పుడొక కంప్యూటరు ఉన్నాది. కాయితం ఇవ్వబోతే తీసుకోనేదు. "మీరు సదవండి ఎల్లారావు గారూ, నాను ఇందులో కొట్టుకుంటాను" అన్నాడు. నన్ను పరీచ్చ సేస్తన్నాడనుకున్నాను. కావాలనే అడిగాడు, నాకు తెలుసు. సరే, సదివాను. మొదటి అంకె సదివేసరికి నాలిక పక్కకి పోయింది. మూడు ఉన్నాది, నోట్లోకి ఎనిమిది వొచ్చింది. నా అంతట నాను రప్పించనేదు, అదే వొచ్చింది. ఇన్నేళ్ళ నా నోటికి అలవాటు అది. ఆగాను. మళ్ళా మొదలెట్టి మూడు అన్నాను. ఒక్కొక్క అంకె మీద ఏలెట్టి, గట్టిగా, ఎదరింటోళ్ళకి ఇనబడేలా సదివాను. ఇంత వయసొచ్చింది, ఒక సోటు ఉన్నది ఉన్నట్టు బయటోడికి సెప్పటం అదే మొదలు.

ఆయన ఏటో నొక్కాడు. పాతవీ కొత్తవీ కలిపి లెక్క ఏసాడు. సాలాసేపు ఆ కంప్యూటరు కేసే సూసాడు. నాకు అనుమానం వొచ్చింది, ఏటి దాస్తన్నాడో అని. లేచి ఎల్లి ఆయన భుజం మీదనించి సూసాను, నాకేటి తెలుస్తాది, అన్నీ అంకెలే. అప్పుడు ఎనక్కి తిరిగి అన్నాడు, "అయిదు రాత్రులూ ఒకే దారి మీద ఉన్నాయండీ. ఇది అదే. అప్పలరాజుదే." ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయనకెందుకో నాకు బోదపళ్ళేదు. రాయి ఆయనది కాదు కదా.

నా ఎదరే ఆఫీసుకి పంపాడు. నీ పేరు ఎక్కడుందో ఏలెట్టి సూపించమన్నాను, సూపించాడు. ఇంగ్లీసులో ఉన్నాది, నీ పేరేనని ఆయన మాట మీద ఒప్పుకున్నాను. పెద్దసారుకి ఫోను సేసాడు. ఫోనులో ఆయన ఏటన్నాడో నాకు తెల్దు, మాస్టారు మాత్రం "పర్మనెంటు" అన్నాడు, నవ్వాడు. నువ్వు మాత్రం సంతకం ఎట్టిన కాయితం సేతికొచ్చేదాకా నమ్మకు.

తిరుగు బస్సెక్కి కూర్సున్నాను. మంచి సోటు దొరికిన రోజు ఎలా వొస్తానో అలాగే వొచ్చాను, మాటిమాటికీ ఎనక్కి తిరిగి, ఎవడైనా నా ఎంట వొస్తన్నాడా అని. ఒకడు సిగ్నలు దగ్గిర ఎక్కి నా ఎనక సీట్లోనే కూర్సున్నాడు. ఆడిమీద ఒక కన్నేసే ఉంచాను. పేట రాబోతుండగా తోచింది నాకు. ఆడు నా ఎంట ఎందుకొస్తాడు? నా దగ్గిర దాసింది ఏటీ నేదు కదా, అంతా సెప్పేసే కదా వొస్తన్నాను.

జరిగి, ఆడిని నా పక్కన కూర్సోమన్నాను.

మీ మావ
ఎల్లారావు